చియో గారికి ఎర్ర చీటీ

మార్చి పద్దెనిమిదిన మొమొసే చేయవలసిన పనులు, అతని జేబు పుస్తకంలో ఉన్న వరసలోనే:

ఒకటి: ఏడో నమూనా కెమెరా బ్యాటరీ నింపాలి.
రెండు: చీకటి గదిలో దీపాలు ముట్టుకోకూడదు. (ముట్టుకోకుండా ఉండడమూ పనే.)
మూడు: చియో గారి జుట్టు దువ్వాలి.
నాలుగు: గదిలో తేమ పీల్చే పాడైపోయిన యంత్రాన్ని పారేయించాలి. (చీటీ నిన్ననే కట్టాను.)
ఐదు: ఒంటిగంటా నలభైకి స్టేషనుకు వెళ్ళి ఇగరాషి గారిని తీసుకురావాలి.
ఆరు: కంగారు పడకూడదు.

ఆరో పనిని అతను ముఖ్యమైన రోజులన్నిటా రాసుకుంటాడు. ఇంతవరకు దాని ఎదురుగా టిక్కు పడలేదు.

మొమొసే సువా సరస్సు ఒడ్డున ఒక లెన్సుల కంపెనీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. తాత ముత్తాతలు మిసో అనే సోయా ముద్ద ఊరవేసే పీపాలకు కట్లు బిగించి బతికినవాళ్ళు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఇతనే కనుక, ఏ పని ఇచ్చినా పీపాకు కట్టు బిగించినంత శ్రద్ధగా చేస్తాడు. చుక్క కారకూడదు. గత నాలుగేళ్ళుగా అతని చేతిలో ఉన్నది ఒకే ఒక లెన్సు. అది ఒక మూల నిలబడి గదినంతా చూడాలి, అదీ దీపం లేకుండా చూడాలి. వెలుతురు రావాలని కిటికీ పెద్దది చేస్తే ఈగలు కూడా వస్తాయి. లెన్సు కూడా అంతే. నోరు పెద్దది చేసినకొద్దీ మధ్యలో ఉన్నవాళ్ళు బాగానే పడతారు గానీ, అంచున ఉన్నవాళ్ళ ముఖాలు సాగిపోయి, అలికినట్టయిపోతాయి.

ఈ లెన్సు కావలసినవాడు ఇగరాషి. ఉత్తరాన హొక్కైదోలో పాడి రైతుల సంఘం పెద్ద. అతని అవసరం చాలా సాదా అయినది. కొట్టంలో ఎనభై ఆవులుంటాయి. దీపం వేస్తే ఈనబోయే ఆవు బెదురుతుంది. కాబట్టి చీకట్లోనే, ఒక్క కెమెరాతో, ఏ ఆవు ఈనబోతోందో తెలియాలి. నచ్చితే నాలుగు వందల కొట్టాలకు తీసుకుంటాడు. నచ్చకపోతే వెడల్పు లెన్సుల విభాగం మూతపడుతుంది. మొమొసే పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దాల విభాగానికి బదిలీ అవుతాడు. ఈ సంగతి చెబుతూ సెక్షన్ చీఫ్ ఉషియామా అతని భుజం తట్టి, "పళ్ళు కూడా ముఖ్యమే కదయ్యా" అని ఓదార్చాడు.

ఇక చియో గారు. ఆమె ఒక బొమ్మ. మూడేళ్ళ పిల్లంత ఎత్తు, తెల్లని ముఖం, నుదుటి మీదికి కత్తిరించిన నల్లని జుట్టు, ఎర్ర కిమోనో. ఆ కంపెనీలో చీకటి చూసే లెన్సు ఏది తయారైనా ముందుగా ఆమెనే ఫొటో తీస్తారు. చీకటి గదిలో ఎడమ అంచున కుర్చీలో ఆమె ఇరవై రెండేళ్ళుగా కూర్చుని ఉంది. పాత లెన్సుతో తీసిన ఆమె ఫొటో పక్కన కొత్త లెన్సుతో తీసిన ఆమె ఫొటో పెట్టి, వెంట్రుక వెంట్రుకా పోల్చి చూస్తారు. మూడో నమూనాలో ఆమె ముక్కు వంకాయంత అయింది. అయిదో నమూనాలో ఒక కన్ను చెవి దాకా వెళ్ళి వచ్చింది. అయినా ఎవరూ ఆమెను గారు అనకుండా పిలవరు. సర్వీసులో చాలామందికంటే సీనియరు.

ఎనిమిదీ నలభైకి మొమొసే దువ్వెన పట్టుకుని చీకటి గదిలోకి వెళ్ళాడు. కళ్ళు ఆ చీకటికి అలవాటు పడడానికి పది నిమిషాలు పడుతుంది. అతను అంతసేపు ఆగేవాడు కాదు. కుర్చీ దగ్గరికి వెళ్ళి అలవాటు ప్రకారం "శుభోదయం" అని దువ్వడం మొదలుపెట్టాడు. నాలుగో దువ్వుకు గానీ తాను దువ్వుతున్నది తేమ యంత్రాన్నని అతనికి తెలియలేదు.

పరుగున పై అంతస్తుకు, ఆఫీసు వ్యవహారాలు చూసే కొగుచి గారి దగ్గరికి వచ్చి పడ్డాడు. యాభై తొమ్మిదేళ్ళ ఆవిడ టీలోకి ఊరవేసిన ఆకు ముక్క నంజుకుంటోంది.

"కొగుచి గారూ! చియో గారేరీ?"

"అదేమిటి బాబూ, పంపించెయ్యమన్నది నువ్వేగా?"

"నేనా!"

ఆవిడ డ్రాయరు లాగి, ప్లాస్టిక్ కవరులో భద్రపరిచిన చీటీ తీసి చూపించింది. "ఇదుగో, ఎర్ర చీటీ. కింద నీ ముద్ర. వంకర లేకుండా ఎంత తిన్నగా వేశావో! ఈ కాలం పిల్లల్లో ఇంత పద్ధతి ఎక్కడుంటుందని నిన్న మా ఆయనతో కూడా చెప్పాను."

ఆ వారం కంపెనీలో శుభ్రత వారోత్సవం. పారేయవలసిన వస్తువుకు ఎర్ర చీటీ, ఉంచవలసినదానికి పచ్చ చీటీ కట్టి, సంతకానికి బదులు ఎవరి పేరు ముద్ర వాళ్ళు వేయాలి. చీకటి గది చీటీలు కట్టింది మొమొసేనే. పరీక్ష కోసం మూడు రోజుల ముందే దీపాలు సరిచేసి ఉంచారు కాబట్టి వాటిని పెంచడానికి వీల్లేదు. అందుకని ఎర్ర చీటీ కుడి జేబులో, పచ్చ చీటీ ఎడమ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ అది దేవదారు పుప్పొడి రాలే కాలం. సగం దేశానికి తుమ్ములు. అతనికీ తుమ్ము వచ్చింది. రుమాలు కోసం రెండు జేబుల్లోవీ బయటికి తీసి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ సర్దుకున్నాడు. అంత చీకట్లో మనిషి కంటికి రంగులు తెలియవు. ఎరుపూ పచ్చా రెండూ బూడిదే. ఈ సంగతి ఏటా ఏప్రిల్లో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది మొమొసేనే.

"మరి... ఇప్పుడు చెత్తబండిలో..." అన్నాడు మొమొసే.

"ఛీ ఛీ! కళ్ళూ ముక్కూ ఉన్నదాన్ని చెత్తలో వేస్తామా? రేపు నా కలలోకి వచ్చి కూర్చోదూ? పద్ధతిగా గుడికి పంపాను. పదకొండింటికి బొమ్మల కర్మ. పూజారి గారు బౌద్ధ సూత్రం చదివి, ఆ తర్వాత మంటలో..."

"మంటలోనా!"

"మరి ఫ్రిజ్‌లో పెడతారా?"

అప్పటికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడిన ఉషియామా పళ్ళ సందున గాలి లోపలికి పీల్చి, "కష్టమే" అన్నాడు. ఆయన నోట కష్టమే అంటే చచ్చామని అర్థం.

"ఇంకో బొమ్మను పెడితే?"

"పోల్చడానికి ఉన్న ఫొటోలన్నీ ఆవిడవే సార్. నిరుడు ఇగరాషి గారికి మనం ఇచ్చిన ఫొటో కూడా ఆవిడదే. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తానని ఉత్తరంలో రాశారు."

"అయితే ఇంకా నిలబడ్డావేం? పరిగెత్తు! స్టేషనుకు నేను వెళ్తాలే."

కొగుచి గారు వెనక నుంచి కేకేసింది. "రెండో వరసలో పెట్టించాను. చీటీ తీసేశాను సుమా! చావుకు వెళ్ళేవాళ్ళ మెడలో చీటీ ఉండకూడదు."

నమూనా కెమెరా ఆ రోజంతా రూపకర్త కళ్ళ ముందు నుంచి కదలకూడదని కంపెనీ నియమం. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, మొమొసే బొమ్మల చావుకు కెమెరాను చంకన పెట్టుకుని బయల్దేరాడు.

గుడి రెండు గంటల దారిలో, కొండ మీద ఉంది. కొండ నిండా దేవదారు చెట్లు. కారు దిగేసరికే అతని రెండు కళ్ళూ ధారలు కట్టాయి, ముక్కు ఊటబావి అయింది. గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతున్న ముసలావిడ అతని వంక చూసి కరిగిపోయింది.

"అయ్యో పాపం! మగవాడు బొమ్మ కోసం ఇంతగా ఏడవడం నా ఎనభై మూడేళ్ళలో చూళ్ళేదు."

"అది కాదండీ, నా... నా..."

"తెలుసు నాయనా, నీదే. నాకూ ఒకటుంది, ఫుమి. రా, నా పక్కన కూర్చుందువుగాని." ఆవిడ పేరు మియసాకా. అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి వరసలో కూలేసింది.

లోపల తలుపులన్నీ మూసేశారు. వేదిక మెట్ల మీద అరవై బొమ్మలు, రెండు కొవ్వొత్తులు. అరవైకీ తెల్లని ముఖాలే, నల్లని జుట్టే, ఎర్ర కిమోనోలే. పూజారి అప్పటికే సూత్రం అందుకున్నాడు. మధ్యలో లేచి మాట్లాడడానికి వీల్లేదు, దీపం వేయడానికి అసలే వీల్లేదు. ఈ పరిస్థితికి సరిగ్గా సరిపోయే పరికరం లోకంలో ఒక్కటే ఉంది. అది తన ఒళ్ళోనే ఉంది. మొమొసే చప్పుడు కాకుండా కెమెరా ఎత్తాడు.

తెర మీద పడిన దృశ్యాన్ని అతను అంచు నుంచి అంచుకు చూశాడు. అరవై ముఖాలూ పడ్డాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ముక్కు సాగలేదు, ఒక్క కన్ను జారలేదు. కనుబొమల్లో కుంచె గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. నాలుగేళ్ళ చాకిరీ ఫలించింది. అతను ఉప్పొంగిపోతూ చియో గారి కోసం వెతికాడు. కనబడలేదు. రెండో వరస మళ్ళీ చూశాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పదకొండేళ్ళుగా చీకట్లో తప్ప, అంచున సాగిన ఫొటోల్లో తప్ప, ఆమెను అతనెప్పుడూ చూడలేదు. అతనెరిగిన చియో గారికి వంకాయ ముక్కు. ఇక్కడ అందరి ముక్కులూ తిన్నగా ఉన్నాయి. లెన్సు ఎంత బాగుందో, ఆమె అంత కొత్తగా ఉంది.

ఈ బాధలో ఉండగా తుమ్ము వచ్చింది. ఆపుకున్నాడు. ఆపిన తుమ్ము రెట్టింపై తిరిగి వచ్చింది. ఒక కొవ్వొత్తి అక్కడికక్కడే ఆరింది. రెండోది కాస్త ఆలోచించి ఆరింది.

సూత్రం ఆగిపోయింది. చీకట్లో పూజారి గొంతు మెల్లగా పలికింది. "ముప్పై ఏళ్ళుగా ఈ కర్మ చేయిస్తున్నాను. కొవ్వొత్తులు రెండూ ఆరడం ఇదే మొదలు. ఇక్కడున్నవాళ్ళలో ఎవరికో వెళ్ళడం ఇష్టం లేదు."

మొమొసే నిజాయితీపరుడు. లేచి నిలబడి, "తప్పు మాదేనండి. మా వల్లనే అయింది" అన్నాడు.

"అయితే మీ బొమ్మతో మీరే మాట్లాడండి. ఎందుకు పంపేస్తున్నారో, మనసెందుకు మారిందో ఆమెకు చెప్పండి."

మొమొసేకు మాట్లాడడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే వచ్చు. ముక్కు చీదుకుని మొదలుపెట్టాడు. "చియో గారూ, ఇరవై రెండేళ్ళుగా మిమ్మల్ని చీకట్లో కూర్చోబెట్టాం. ఎప్పుడూ అంచునే కూర్చోబెట్టాం. మీ ముఖం సాగిపోయింది. ముక్కు వంకాయంత అయింది. మీరు ఒక్క మాట అనలేదు. ఫొటో చూసి మేం లెన్సును తిట్టుకున్నాం గానీ మిమ్మల్ని ఎలా ఉన్నారని అడగలేదు. ఇవాళ మీ ముఖం చూసి కూడా నేను గుర్తుపట్టలేకపోయాను. మీరు లేకపోతే నన్ను పళ్ళ అద్దాల దగ్గరికి పంపేస్తారు. దయచేసి వచ్చెయ్యండి." ఇక్కడ మళ్ళీ తుమ్ము వచ్చి, దాన్ని ఆపుకోబోతే అదొక పెద్ద వెక్కిలా బయటికి వచ్చింది.

హాలంతా బావురుమంది.

"మా అత్త కూడా ఇంతే, నలభై ఏళ్ళు వంటింటి మూలనే కూర్చుంది" అని ఒకావిడ ఏడిచింది. "వెళ్ళనన్నది మాదేనేమో! పొద్దున్న పెట్టెలో పెడుతుంటే వంక చూపు చూసింది" అని ఇంకొకాయన లేచాడు. "ఫుమీ! నా తల్లీ! నేను పంపను, పంపనే పంపను" అంటూ మియసాకా బామ్మ ఎనభై మూడేళ్ళ వయసు మరచి మెట్ల మీదికి ఎగబాకింది. ఇక ఆగిందెవరు? తోపులాటలో ఎవరి చేతికి అందిన ఎర్ర కిమోనోను వాళ్ళు గుండెకు హత్తుకుని బయటపడ్డారు. తెరిచిన తలుపులోంచి వెలుతురు పడేసరికి హాల్లో మిగిలినవాళ్ళు ముగ్గురు: పూజారి, మొమొసే, రెండో వరసలో ఒక బొమ్మ.

మొమొసే ఇంజనీరులా ఆలోచించాడు. అందరూ ఎవరిది వాళ్ళు తీసుకుపోయారు. మిగిలింది ఒక్కటే. కాబట్టి అది చియో గారే.

పూజారి ఖాళీ మెట్ల వంక చూస్తూ, "సగం చదివిన సూత్రం నేనిప్పుడేం చేసుకోను?" అన్నాడు.

"క్షమించండి. మిగతా సగం వచ్చే ఏడాది..."

"వచ్చే ఏడాది నువ్వు రాకు నాయనా. ఇంకో మాట. ఈ బొమ్మ ప్రస్తుతం నడుం దాకా అవతలి లోకంలో ఉంది. గతుకుల్లో కారు మెల్లగా నడుపు."

కారుతున్న కళ్ళతో దారి తప్ప మరేమీ చూడకుండా మెల్లగానే నడిపాడు. ఒంటిగంటన్నరకు కంపెనీ చేరాడు. కొగుచి గారు నిన్న ఖాళీ కుర్చీలో తాను ఎక్కించిన తేమ యంత్రాన్ని దించి పక్కన నేల మీద పెట్టింది. ఆ చీకట్లోనే బొమ్మను కూర్చోబెట్టి జుట్టు దువ్వింది. రెండింటికి ఇగరాషి వచ్చాడు. ఆకారం దున్నపోతంత, గొంతు అంతకంటే పెద్దది. పరిచయాలు, వంగి నమస్కారాలు, వెన్న బిస్కెట్ల డబ్బా అందించడం అన్నీ అయ్యాక చీకటి గదికి వెళ్ళారు. మొమొసే మీట నొక్కాడు. అందరూ పక్క గదిలో పెద్ద తెర ముందు నిలబడ్డారు.

ఇగరాషి సంచిలోంచి నిరుటి ఫొటో తీసి తెర పక్కన పట్టుకున్నాడు. దాన్ని చూశాడు. దీన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరండీ ఈమె?"

"చియో గారండి" అన్నాడు మొమొసే.

"మరి మెడపట్టీ మీద దారంతో ఫుమి అని కుట్టి ఉందేం?"

మొమొసే తెర వంక చూశాడు. ఉంది. ఎడమ అంచున, ఒక్కొక్క కుట్టూ విడివిడిగా, చక్కని చేతి కుట్టుతో, ఫుమి. పక్కన నేల మీద తేమ యంత్రమూ ఉంది. దాని మెడకు కట్టిన చీటీ, మనుషుల కంటికి బూడిదగా ఉన్నది, తెర మీద లేత ఆకులా పచ్చగా ఉంది. కింద మొమొసే అన్న ముద్ర, వంకర లేకుండా.

ఉషియామా గదిలోని గాలి మొత్తం పళ్ళ సందున పీల్చేశాడు. "కష్టమే" అనడానికి ఆయనకు ఊపిరి మిగల్లేదు.

మొమొసే నడుం వంచి, తల మోకాళ్ళ దాకా దించి, చీటీల దగ్గర నుంచి తుమ్ము దాకా ఒక్కటి దాచకుండా చెప్పేశాడు. "మిమ్మల్ని మోసం చేయాలని కాదండి. నేను కూడా ఆవిడే అనుకున్నాను. మేం తీసిన ఫొటో చూశాకే నాకు తెలిసింది."

"అంటే, పక్కన పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్న నీకు తెలియలేదు. కెమెరాకు తెలిసింది."

"అవునండి."

"అంచున ఉన్నా."

"అవునండి."

ఇగరాషి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు మొదటిసారి తగ్గింది. "నిరుడు ఫిబ్రవరిలో మా కొట్టంలో ఒక ఆవు ఈనబోతోందని వేరేవాళ్ళ కెమెరాలో చూసి పరిగెత్తాను. మంచులో. వెళ్ళి దాని పక్కన నాలుగు గంటలు కూర్చున్నాను. అది తీరుబడిగా నెమరేస్తోంది. ఈనుతున్నది అది కాదు, అవతలి కొసన ఇంకొకటి. మచ్చలు రెండింటికీ ఒకేలా ఉన్నాయి. నేను చూసేసరికి దూడ దక్కలేదు. అబ్బాయ్, ఇది మా ఆవే అని చెప్పే కెమెరాలు బోలెడున్నాయి. ఇది ఆ ఆవు కాదురా బాబూ అని చెప్పేది నాకు కావాలి." జేబులోంచి ముద్ర తీసి, "ఎక్కడ వెయ్యను?" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి కొగుచి గారు గుడి నుంచి నంబరు కనుక్కుని మియసాకా బామ్మకు ఫోన్ కలిపి మొమొసే చేతికిచ్చింది.

"బామ్మ గారూ, పొరపాటు జరిగింది. మీ ఫుమి మా దగ్గరుంది. మీ దగ్గరున్నది మా చియో గారు. ఇప్పుడే వచ్చి మార్చుకుంటాను."

"మార్చుకోవడమా? ఆ ఫుమి అరవై ఏళ్ళు నా వంక గుడ్లురిమి చూసింది నాయనా. దీపం ఆర్పితే నాకు భయమేసేది. ఈ పిల్ల ఎంత బుద్ధిగా కూర్చుందనుకున్నావ్? చీకటి పడ్డా ఉలకదు పలకదు. ముక్కు కూడా చక్కగా ఉంది."

"కానీ ఆవిడ మా ఉద్యోగి అండీ. ఇరవై రెండేళ్ళ సర్వీసు."

"అయితే రిటైరైందనుకో" అని బామ్మ ఫోన్ పెట్టేసింది.

మొమొసే తేమ యంత్రం చీటీ విప్పి ఎర్రది కట్టాడు, ఈసారి వరండాలో కిటికీ పక్కన నిలబడి. ఫుమి మర్నాడే ఉద్యోగంలో చేరింది. కొత్త ఫొటోలో ఆమె నిజంగానే గుడ్లురుముతోంది.

మీరెప్పుడైనా దీపం లేని గదిలో తీసిన ఫొటోలో, అంచున కూర్చున్న మనిషి కళ్ళూ ముక్కూ ఉండవలసిన చోటే ఉండి కనబడితే, ఆ లెన్సు తయారుచేసినవాణ్ణి తలుచుకోనక్కర్లేదు, అతనికి జీతం వస్తోంది. చియో గారిని ఒక్కసారి తలుచుకోండి.